సాధారణం – అసాధారణం: ఒక నిర్వచనం మారిన చరిత్ర

అసాధారణ ప్రవర్తనను గుర్తించడానికి మనోవిజ్ఞాన శాస్త్ర పాఠ్యగ్రంథాలు ప్రధానంగా నాలుగు ప్రమాణాలను పేర్కొంటాయి. గణాంక సగటుకు దూరంగా ఉండటం, సామాజిక కట్టుబాట్లను అతిక్రమించడం, వ్యక్తి అనుభవించే మనోవ్యథ, నిత్యజీవన నిర్వహణకు కలిగే ఆటంకం అనేవి ఆ నాలుగు. వీటిలో ఏ ఒక్కటీ తనంత తాను సరిపోదు. సరిపోని ప్రమాణంతో రోగనిర్ధారణ చేస్తే పరిణామాలు ఎలా ఉంటాయో స్వలింగాకర్షణ ఉదంతం స్పష్టం చేస్తుంది.

అమెరికన్ మనోరోగ వైద్యుల సంఘం 1952లో వెలువరించిన తొలి రోగనిర్ధారణ సంపుటి స్వలింగాకర్షణను మానసిక రుగ్మతల జాబితాలో చేర్చింది. అప్పటి అధ్యయనాలు అధికభాగం చికిత్సకు వచ్చినవారిపైనా, ఖైదీలపైనా ఆధారపడ్డాయి. ఈ లోపాన్ని గుర్తించిన ఎవలిన్ హుకర్ చికిత్సలో లేని 30 మంది స్వలింగాకర్షక పురుషులను, 30 మంది భిన్నలింగాకర్షక పురుషులను పరీక్షించి 1957లో ఫలితాలను ప్రచురించారు. ఏ ఫలితం ఎవరిదో తెలియకుండా పరిశీలించిన నిపుణులు రెండు వర్గాలను వేరుచేయలేకపోయారు. అయినా 1968 నాటి రెండవ సంపుటిలోనూ ఆ వర్గీకరణ కొనసాగింది. 1972లో డల్లాస్‌లో జరిగిన ఆ సంఘ సమావేశంలో జాన్ ఫ్రయర్ అనే మనోరోగ వైద్యుడు తానూ స్వలింగాకర్షకుడినేనని ప్రకటించారు. అందుకు ఆయన ముసుగు ధరించి, గొంతు మార్చుకొని మాట్లాడవలసి వచ్చింది.

1973 డిసెంబరులో సంఘ పాలకమండలి ఆ వర్గీకరణను తొలగించింది. 1974లో జరిగిన సభ్యుల ఓటింగులో 58 శాతం మంది ఈ నిర్ణయాన్ని సమర్థించారు. శాస్త్ర సత్యాన్ని ఓట్లతో తేల్చవచ్చునా అన్న విమర్శ నాడే వచ్చింది. అయితే ఈ మార్పుకు రాబర్ట్ స్పిట్జర్ ఒక సైద్ధాంతిక ఆధారం చూపారు. మనోవ్యథ గాని, సామాజిక జీవన నిర్వహణలో ఆటంకం గాని లేనిదే ఒక స్థితిని రుగ్మత అనరాదన్నది ఆయన వాదం.

ఈ ప్రమాణం కూడా కొత్త చిక్కును తెచ్చింది. తమ లైంగికత పట్ల వేదన చెందేవారి కోసం మరో రోగనామం ఏర్పడి, రూపం మార్చుకుంటూ 1987 వరకు నిలిచింది. సమాజం చూపే తిరస్కారం వల్ల కలిగిన వేదన ఆ విధంగా వ్యక్తి రోగలక్షణంగా నమోదయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో స్వలింగాకర్షణను తన రోగాల జాబితా నుండి తొలగించింది.

భారతదేశపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఈ అంశాన్ని నేరుగా ప్రస్తావించింది. సమాజంలో ప్రబలంగా ఉన్న నైతిక, సాంస్కృతిక విలువలకు గాని, మత విశ్వాసాలకు గాని అనుగుణంగా లేకపోవడం ఆధారంగా మానసిక రుగ్మతను నిర్ణయించరాదని అందులోని 3వ సెక్షన్ నిర్దేశిస్తుంది. వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో జరిగే స్వలింగ సంబంధాలు నేరం కావని 2018లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

వ్యథ ఉన్నదని గుర్తించినంత మాత్రాన నిర్ధారణ పూర్తి కాదు. ఆ వ్యథ వ్యక్తి స్థితి నుండి పుట్టిందా, చుట్టూ ఉన్నవారి తీర్పు నుండి పుట్టిందా అని విచారించడం నిర్వచనంలో అంతర్భాగం కావాలి. ఆ విచారణ లోపించినచోట కట్టుబాటే రోగనిర్ధారణగా చెలామణి అవుతుంది.