ఇంట్లో వైఫై కాల్ కట్ అవుతోందా? పెద్ద ప్లాన్ తీసుకునే ముందు ఇవి చెక్ చేసుకోండి

యూట్యూబ్ వీడియో ఎక్కడా ఆగదు. కానీ ఫోన్ మాట్లాడితే మాత్రం మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే ల్యాండ్‌లైన్, వైఫై కాలింగ్, వాట్సాప్ కాల్.. ఏది వాడినా చాలా ఇళ్లలో ఇదే గోల. స్పీడ్ సరిపోవట్లేదేమో అని పెద్ద ప్లాన్‌కు మారిపోదామనుకుంటాం. కానీ చాలాసార్లు సమస్య స్పీడ్‌ది కాదు.

కాల్‌కు ఎంత నెట్ కావాలి?

ఒక వాయిస్ కాల్‌కు ఒక్కో వైపు సుమారు 100 కేబీపీఎస్ ఉంటే చాలు. 30 ఎంబీపీఎస్ ప్లాన్‌లో అది 300వ వంతు. కాల్‌కు కావాల్సింది వేగం కంటే నిలకడ.

మన మాట చిన్న చిన్న డేటా ప్యాకెట్లుగా వెళ్తుంది. సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒకటి. వీడియో ముందే కొంత డౌన్‌లోడ్ అయి ఉంటుంది కాబట్టి నెట్ కాస్త తడబడినా మనకు తెలియదు. కాల్‌లో ఆ వెసులుబాటు లేదు. బాగా లేటుగా వచ్చిన ప్యాకెట్‌ను ఫోన్ వదిలేస్తుంది. మాట మింగేసినట్టు వినిపించేది అందుకే.

ఈ మూడు నంబర్లు చూడండి

* లేటెన్సీ: మాట అవతలికి చేరే టైమ్. ఒకవైపు 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ ప్రమాణం. స్పీడ్ టెస్ట్ యాప్‌లో కనిపించే పింగ్ మాత్రం వెళ్లి వచ్చే టైమ్.
* జిట్టర్: ప్యాకెట్ల రాకలో హెచ్చుతగ్గులు. 30 మిల్లీసెకన్ల లోపు ఉండాలి.
* ప్యాకెట్ లాస్: దారిలో పోయే ప్యాకెట్లు. 1 శాతం లోపు ఉండాలి.

అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడేటప్పుడు కాస్త ఆలస్యం మామూలే. హైదరాబాద్ నుంచి సిగ్నల్ వెళ్లి రావడానికే 200 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. అది ఏ రౌటర్‌తోనూ తగ్గదు. మాట తెగిపోవడం మాత్రం సరిచేసుకోవచ్చు.

లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

* మీకు బాగా వినిపిస్తోంది, అవతలి వాళ్లకు మీ మాట తెగుతోందా? ముందు మీ అప్‌లోడ్ చూడండి. ఫోటోల బ్యాకప్, క్లౌడ్‌లోకి వెళ్లే సీసీ కెమెరా రికార్డింగ్ అప్‌లోడ్‌ను నింపేస్తాయి.
* రౌటర్ దగ్గర బాగుండి, బెడ్‌రూమ్‌లో తెగుతోందా? వైఫై సిగ్నల్ సమస్య.
* రౌటర్‌కు వైరుతో కలిపిన ల్యాండ్‌లైన్‌లోనూ తెగుతోందా? వైఫై కారణం కాదు. ఫోన్ వైరు, సెట్ మార్చి చూసి, అప్పటికీ అలాగే ఉంటే ఆపరేటర్‌కు చెప్పండి.
* రోజూ రాత్రి పూటే ఇలా అవుతోందా? లైన్‌పై రద్దీ కావచ్చు. ఏ టైమ్‌లో అవుతోందో రాసి పెట్టుకోండి.
* మీ మాట మీకే తిరిగి వినిపిస్తోందా? అవతలి వాళ్లను స్పీకర్ ఆపమనండి, లేదా సౌండ్ తగ్గించమనండి.

ఏం చేయాలి?

1. రౌటర్‌ను టీవీ వెనక, బీరువా పక్కన పెట్టొద్దు. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టండి.
2. రౌటర్ ఉన్న గదిలోనే మాట్లాడితే 5 గిగాహెర్ట్జ్ వైఫై వాడండి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది కానీ మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్, పక్కింటి వైఫై అన్నీ దానికి అడ్డే.
3. బ్యాకప్‌లను అర్ధరాత్రికి మార్చండి. రౌటర్‌లో క్యూఓఎస్ ఆప్షన్ ఉంటే వాయిస్‌కు ఫస్ట్ ప్రయారిటీ ఇవ్వండి.
4. విడిగా కొన్న ఐపీ ఫోన్‌లో మాట ఒకవైపే వినిపిస్తుంటే రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ ఆఫ్ చేసి చూడండి. ఆపరేటర్ ఇచ్చిన ల్యాండ్‌లైన్ సెట్టింగ్స్ జోలికి మాత్రం వెళ్లొద్దు.
5. కంప్లైంట్ ఇచ్చే ముందు రౌటర్‌కు కేబుల్‌తో కలిపిన కంప్యూటర్‌లో టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. 'మీ వైఫై వల్లే' అని చెప్పి ఫోన్ పెట్టేయడానికి వీలుండదు.

కరెంటు పోతే ఫోన్ కూడా పోతుంది

ఇది చాలామంది పట్టించుకోని విషయం. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్చేంజ్ నుంచే వచ్చేది. అందుకే ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఫైబర్ ల్యాండ్‌లైన్ అలా కాదు. రౌటర్ ఆగితే అదీ ఆగిపోతుంది. వైఫై కాలింగ్ ఆగితే ఫోన్ మొబైల్ నెట్‌వర్క్‌కు మారుతుంది కానీ, ఇంట్లో సిగ్నలే లేక వైఫై కాలింగ్ పెట్టుకున్న వాళ్లకు ఏ దారీ ఉండదు.

పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. రాత్రి కరెంటు లేనప్పుడు 108కో 112కో ఫోన్ చేయాల్సి రావచ్చు. రౌటర్‌కు సరిపడే మినీ యూపీఎస్ పెట్టండి. ఫైబర్ బాక్స్ విడిగా ఉంటే దానికీ బ్యాకప్ ఉండాలి. పెట్టాక ఒకసారి మెయిన్ ఆపేసి, ఫోన్ కలుస్తోందో లేదో చూసుకోండి. ఇంట్లో ఏ మూల మొబైల్ సిగ్నల్ అందుతుందో కూడా పెద్దవాళ్లకు చూపించి పెట్టండి.