పక్కింటావిడ వాన కబుర్లు

గాల్వే వచ్చిన కొత్తలో మా పక్కింటావిడ మీద నాకు కొంచెం కోపంగా ఉండేది. మంచావిడే. కానీ గోడ దగ్గర కనిపించినప్పుడల్లా వాన, గాలి, మబ్బు తప్ప ఇంకో మాట ఉండేది కాదు. "ఇవాళ ఫర్వాలేదు, సాయంత్రం మళ్ళీ పడుతుందట", "నిన్నటి మీద చలి తగ్గింది కదా". అంతే, లోపలికి వెళ్ళిపోయేది. మన దగ్గరైతే కొత్తగా ఎవరైనా దిగితే మొదటి రోజే ఊరేది, పిల్లలెంతమంది, ఇవాళ ఏం కూర అని అడిగేస్తాం కదా. ఈవిడ ఆరు నెలలైనా నా పేరు కూడా సరిగ్గా అడగలేదు. "నాతో మాట్లాడటం ఇష్టం లేక ఆకాశం గురించి మాట్లాడుతోంది" అని మా వారితో అనేదాన్ని. అప్పట్లో రోజంతా మాట్లాడే మనిషి లేక ఉక్కిరిబిక్కిరయ్యేదాన్ని. అందుకే అంత ఉక్రోషం.

తర్వాత చూస్తే అందరూ అంతే. పోస్టాఫీసులో, బస్టాపులో, బడి గేటు దగ్గర అదే మాట. సన్నటి తుంపర పడుతుంటే "సాఫ్ట్ డే" అంటారు, మెత్తటి రోజట! కాస్త ఎండా గాలీ ఉంటే "గ్రేట్ డ్రయింగ్ టుడే" అంటారు. అంటే బట్టలు బాగా ఆరతాయని. పెళ్ళికి ముందు రోజు రాత్రి బాలయేసు బొమ్మని తోటలో పెడతారు, మర్నాడు వాన పడకూడదని.

నిజానికి ఇక్కడ కురిసే వాన మనం అనుకునేంత ఎక్కువేమీ కాదు. డబ్లిన్‌లో ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్లు. మన హైదరాబాద్‌లోనూ దాదాపు అంతే. తేడా ఏమిటంటే, మనకి నాలుగు నెలల్లో కుమ్మరించి వెళ్ళిపోతుంది. వీళ్ళకి ఏడాది పొడుగునా చిలకరిస్తూనే ఉంటుంది. మేముండే పడమటి వైపు కొన్ని చోట్ల ఏడాదికి 225 రోజులు వాన పడుతుంది. అట్లాంటిక్ మీద నుంచి అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. పొద్దున ఎండ చూసి బట్టలు ఆరేస్తే పదకొండింటికి పరిగెత్తాల్సిందే.

ఇదంతా అలవాటే అనుకున్నాను. అలవాటు వెనక చరిత్ర ఉందని ఒక జనవరి 6న తెలిసింది.

ఆ రోజుని ఇక్కడ "నొల్లిగ్ నా మన్" అంటారు, ఆడవాళ్ళ క్రిస్మస్ అని అర్థం. పండుగ పన్నెండు రోజులూ చాకిరీ చేసిన ఆడవాళ్ళు ఆ రోజు కూర్చుంటారు, మగవాళ్ళు ఇంటి పని చూడాలి. కార్క్, కెర్రీ వైపు ఎక్కువ పాటిస్తారు. మా పక్కింటావిడ కెర్రీ నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చిందట. ఆ రోజు నన్ను టీకి పిలిచింది. కూర్చోగానే యథాప్రకారం గాలి గురించే మొదలుపెట్టింది. కానీ ఈసారి అది 1839 నాటి గాలి!

ఆ ఏడాది సరిగ్గా ఇదే రోజు రాత్రి వచ్చిన తుఫానుని ఐర్లాండ్‌లో "పెద్ద గాలి రాత్రి" అంటారు. ముందు రోజు మంచు కురిసింది. ఆరో తారీకు పగలు మాత్రం ఆ నెలలో ఎరగనంత వెచ్చగా, ఆకు కదలనంత నిశ్శబ్దంగా ఉంది. చీకటి పడ్డాక పడమటి గాలి మొదలై అర్ధరాత్రికి ప్రచండమైంది. పల్లెల్లో గడ్డి కప్పుల ఇళ్ళు. పొయ్యిలో నిప్పుని ఆరనివ్వకుండా రాత్రిపూట బూడిద కప్పి ఉంచే ఆచారం. ఆ నిప్పే గాలికి ఎగిరి కప్పులంటుకుని ఇళ్ళకి ఇళ్ళు కాలిపోయాయి. 250 నుంచి 300 మంది దాకా చనిపోయారని అంచనా. పశువుల కోసం దాచిన గడ్డివాములు ఎగిరిపోయాయి. ప్రళయం వచ్చేసిందని మోకరిల్లిన వాళ్ళు ఎందరో.

దీనికి ఒక కొసమెరుపు ఉంది. డెబ్భై ఏళ్ళు నిండిన పేదలకి వారానికి ఐదు షిల్లింగుల దాకా పింఛను ఇస్తామని 1908లో బ్రిటిష్ ప్రభుత్వం చట్టం చేసింది. 1909 జనవరి నుంచి అమలు. కానీ ఐర్లాండ్‌లో పుట్టుకల నమోదు మొదలైందే 1864లో. ముసలివాళ్ళ దగ్గర కాగితం ఎక్కడిది? అందుకని అధికారులు "పెద్ద గాలి మీకు గుర్తుందా?" అని అడిగేవారు. గుర్తుందంటే డెబ్భై దాటినట్టే. ఇంకేం, చాలామందికి ఉన్నట్టుండి ఆ రాత్రి బ్రహ్మాండంగా గుర్తొచ్చేసింది!

నేను పగలబడి నవ్వాను. ఎందుకంటే మా అమ్మమ్మ వాళ్ళది అవనిగడ్డ. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఆ చుట్టుపక్కల వయసుల లెక్క అలాగే ఉండేది. "వాడా, ఉప్పెనకి పాలు తాగే పిల్లాడు" అనేది అమ్మమ్మ. ఆ మాట చెప్పగానే ఆవిడ టీ కప్పు కింద పెట్టి, ఉప్పెన గురించి ఒక్కొక్కటే అడిగింది. అన్ని నెలల్లో మేమిద్దరం నిజంగా మాట్లాడుకున్నది అదే మొదటిసారి.

పెద్ద గాలి తర్వాత ఆరేళ్ళకే, 1845లో బంగాళదుంప తెగులు వచ్చింది. అది ముసురు పట్టిన చల్లటి రోజుల్లో వేగంగా పాకుతుంది. పేదల తిండి అంతా ఆ దుంపే. ఐదారేళ్ళలో సుమారు పది లక్షల మంది ఆకలితో, జబ్బులతో చనిపోయారు. మరో పది లక్షల మందికి పైగా ఓడలెక్కి వెళ్ళిపోయారు. ముసురు ఒక్కటే కారణం కాదు. దుంప తప్ప వేరే ఆధారం లేని పేదరికం, పట్టించుకోని పాలన కూడా కారణాలే. ఇప్పటికీ వేసవిలో ఇక్కడి వాతావరణ శాఖ "దుంప తెగులుకి అనువైన రోజులు, జాగ్రత్త" అని హెచ్చరిక ఇస్తుంది. అది మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఆవిడ చెప్పిన ఇంకో కథ తమ కెర్రీ అమ్మాయి గురించి. మొరీన్ ఫ్లావిన్ మేయో కౌంటీలో సముద్రం అంచున ఉన్న బ్లాక్‌సాడ్ పోస్టాఫీసులో ఉద్యోగానికి చేరింది. చేరాకే తెలిసింది, వాతావరణం కొలతలు తీసి పంపడం కూడా తన పనేనని. 1944 జూన్ 3న, తన 21వ పుట్టినరోజున, వాయుపీడనం గబగబా పడిపోతున్నట్టు చూసి ఎప్పటిలాగే పంపింది. కాసేపటికి ఇంగ్లండ్ నుంచి ఫోను, మళ్ళీ సరిచూడమని. మళ్ళీ చూసింది. అదే లెక్క. ఐర్లాండ్ ఆ యుద్ధంలో తటస్థంగా ఉన్నా ఈ కొలతలు మాత్రం బ్రిటన్‌కి వెళ్ళేవి. ఆ లెక్కలు చూసే, ఫ్రాన్స్ తీరం మీద జూన్ 5న జరగాల్సిన దాడిని ఆరుకి మార్చారు. లేకపోతే ఆ గాలివానలో ఎన్ని వేల మంది కుర్రాళ్ళు సముద్రం పాలయ్యేవారో! తన కొలత ఎందుకు పనికొచ్చిందో ఆ అమ్మాయికి చాలా ఏళ్ళ దాకా తెలియదు. ఆవిడ 2023 డిసెంబరులో, నూరేళ్ళ వయసులో పోయింది.

ఇన్ని విన్నా, ఆ కబుర్లు ఎందుకో నాకు పూర్తిగా అర్థమైంది 2025 జనవరిలోనే. 24న ఎయోవిన్ తుఫాను వచ్చింది. మా గాల్వే తీరంలో వీచిన గాలి 1945 నాటి దేశ రికార్డుని దాటింది. దేశంలో ఏడు లక్షలకి పైగా ఇళ్ళకి కరెంటు పోయింది. ముందు రోజు సాయంత్రం పక్కింటావిడ తలుపు కొట్టింది, చేతిలో కొవ్వొత్తుల కట్ట. "ఫోన్లు ఛార్జ్ చేసుకో. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పోసుకో. చెత్తడబ్బాలు లోపల పెట్టు. కిటికీ పక్కన పిల్లల్ని పడుకోబెట్టకు." అదే గొంతు, అవే వాతావరణం మాటలు.

మాకు నాలుగు రోజులు కరెంటు లేదు. మావన్నీ కరెంటు పొయ్యిలే. ఆవిడ ఇంట్లో పాతకాలం కట్టెల పొయ్యి ఉంది. దాని మీదే పప్పు, అన్నం వండాను. రెండిళ్ళ వాళ్ళం కలిసి తిన్నాం. ఆవిడ చారు గ్లాసులో పోసుకుని తాగింది. ఇన్నాళ్ళూ గోడ దగ్గర "సాయంత్రం పడుతుందట" అంటే, బాగున్నావా, జాగ్రత్త, నేనిక్కడే ఉన్నాను అని. ముక్కూమొహం తెలియని మనిషిని నొప్పించకుండా అంత మాట చెప్పడానికి వీళ్ళకి వాన కన్నా మంచి సాకు లేదు. మా అమ్మ ఫోనులో ముందుగా "అక్కడ వానా?" అని అడిగేది కూడా అందుకే కదా. నేనే విసుక్కునేదాన్ని.

ఇవాళ పొద్దున మబ్బు విడిచింది, మంచి గాలి. దుప్పట్లు ఆరేస్తుంటే గోడ అవతల ఆవిడ క్లిప్పుల బుట్టతో వచ్చింది. ఈసారి నేనే ముందన్నాను, "గ్రేట్ డ్రయింగ్ టుడే" అని. ఆవిడ ఆకాశం వంక ఒకసారి చూసి, "పన్నెండు లోపల తీసేయ్" అంది.