తేయాకు తోటలలో ఒక పత్రికా రచయిత

ఉదయమున తేనీరు త్రాగుచు వార్తాపత్రికను విప్పుట మన యిండ్లలో నిత్యకృత్యమైపోయినది. ఆ తేనీటి వెనుక నున్న కథను పత్రికకెక్కించుటకు ఒకప్పుడు ఎంత ప్రయాస పడవలసి వచ్చెనో ఎరిగినవారు తక్కువ. మొన్న మా తరగతిలో నొక బాలుడు, "దాచిపెట్టిన సంగతిని విలేఖరి ఎట్లు కనుగొనును?" అని యడుగగా మాకు వంగదేశపు ద్వారకానాథ గంగూలీగారు జ్ఞప్తికి వచ్చిరి.

వీరు 1844లో జన్మించిరి. 1869లో స్త్రీల యభ్యుదయమునకై 'అబలాబాంధవ' యను పత్రికను స్థాపించిరి. 1883లో పట్టము పొంది, పిదప వైద్యురాలైన కాదంబినీదేవి వీరి భార్య. స్త్రీవిద్య విషయమున వీరి పేరు విన్నవారైనను వీరి అస్సాము యాత్ర మాట విని యుండరు.

ఆనాటి అస్సాము స్థితిని కొంచెము విప్పి చెప్పవలెను. 1859 నాటి చట్టము ననుసరించి, ముందుగా సొమ్ము పుచ్చుకొని పని మానిన కూలివాడు చెరసాలకు పోవలసినదే. మనలో నెవరైన అప్పు తీర్చకున్న సివిలు దావా పడును. కూలికి మాత్రము మాట తప్పుట నేరమయ్యెను! 1882 చట్టము ఒడంబడికను అయిదేండ్ల వరకు పొడిగించెను. మొదటి మూడేండ్లు పురుషునకు నెలకు 5 రూపాయలు, స్త్రీకి 4 రూపాయలు జీతము. పారిపోయిన కూలిని, కొన్ని నిబంధనలకు లోబడి, వారంటు లేకయే పట్టి తెచ్చు నధికారము తోటదొరకుండెను. ఛోటానాగపూరునుండియు, సంతాలుల పల్లెలనుండియు, మన గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండియు జనులు ఈ తోటలకు పోయిరి. వారి సంతతివారైన తెలుగువారు నేటికిని అచట నున్నారు.

తోట దొరగారి సొంత భూమి. లోపలికి పోయిన పరాయివాని నెవరైన ప్రశ్నింపవచ్చును. కలకత్తాలో కూర్చున్నవారికి తోటల సంగతి దొరల మాటలవలనను, సర్కారు నివేదికలవలనను తెలియవలసినదే. బ్రహ్మసమాజ ప్రచారకులగు రామకుమార విద్యారత్నగారు అస్సామున సంచరించి, చూచినదానిని 1883లో వెలసిన 'సంజీవని' యను వంగపత్రికలో వ్రాసిరి. దానితో ఇండియన్ అసోసియేషనువారు తమ సహాయ కార్యదర్శియైన గంగూలీగారిని స్వయముగా చూచి రమ్మని పంపిరి. ప్రాణభయము లేని ప్రయాణము కాదది.

తిరిగివచ్చి వారు 1886 సెప్టెంబరు మొదలు 1887 ఏప్రిలు వరకు 'బెంగాలీ' యను ఆంగ్లపత్రికలో పదుమూడు వ్యాసములు వ్రాసిరి. వంగభాషలో వ్రాసిన నింటింట కన్నీరు కారును. ఆంగ్లమున వ్రాసిన పాలకులు జవాబు చెప్పవలసివచ్చును. రెండును కావలసినవే. మాకు మిగుల నచ్చినది మరియొకటి. కన్నదానికి తోడుగా చట్టములోని మాటలను, సర్కారు కాగితములను ముందు పెట్టిన రచనను ఖండించుట సులభము కాదు. తోటలలోని మరణసంఖ్యలు ప్రభుత్వ వార్షిక నివేదికలలో అచ్చుపడియే యుండెను. వానిని శ్రద్ధగా చదివినవారే అరుదు. బడిపంతుళ్లమగుట చేత కాబోలు, గ్రంథాలయమున దుమ్ముపట్టిన నివేదికను విప్పువాని ధైర్యముకూడ మాకు ధైర్యముగనే తోచును.

ఫలము వెంటనే కలుగలేదు. 1887లో చెన్నపట్టణపు కాంగ్రెసులో ఈ విషయమును తెచ్చుటకు యత్నింపగా, ఇది యొక రాష్ట్రపు సంగతియని త్రోసివేసిరి. మన జిల్లాల కూలీలు అస్సామున నుండగా, అదియు చెన్నపట్టణముననే, ఆ మాట పలుకుట మాకు నేటికిని మ్రింగుడుపడదు. 1888లో వంగరాష్ట్రీయ సభ చర్చించెను. కాంగ్రెసు 1896లోగాని దీనిని చేపట్టలేదు. రెండేండ్లకు గంగూలీగారు కాలధర్మము నొందిరి. దొరలకు కూలీలను పట్టుకొను నధికారము 1908లో పోయెను. 1859 నాటి చట్టము 1926లోగాని తొలగలేదు.

ఇదంతయు విని మా బాలుడు మరియొక ప్రశ్న వేసెను. "అయ్యా, ఆయన కలకత్తాకు తిరిగిపోయెను గదా. ఆయనతో మాటాడిన కూలీని పిదప దొర ఏమిచేసెను?" మే మేమియు చెప్పలేకపోతిమి. గోడమీది పటమున విశాఖపట్టణమునుండి దిబ్రూగఢువరకు వ్రేలితో దారి చూపితిమి. వాడు ఆ దారిని రెండుమారులు కొలిచి, గంట కొట్టినను కదలక అచటనే నిలిచియుండెను.