ఎండకాలం సెలవులు ఎవరివి?



సెలవులొస్తే పట్నం పిల్లలకు సైన్స్ క్యాంపు, తండా పిల్లలకు కూలిపని. ఈ తేడా తగ్గించే పని మొదలై చాలా ఏండ్లాయె. 1999లో పుట్టిన అగస్త్య ఫౌండేషన్ కుప్పం కేంద్రంగా ప్రయోగాల సామాను బండ్లకెత్తి ఊరి బడులకు తీస్కపోయింది. తర్వాత మన గురుకులాలు ‘సమ్మర్ సమురాయ్’ క్యాంపులు పెట్టినయ్. రోబోటిక్స్, కోడింగ్ మన పిల్లల దాకా వచ్చినయ్.

చేసి నేర్చుకుంటే ఏమైతదో యాదగిరిగుట్ట పక్కనున్న భువనగిరి బండ చెప్తది. గురుకులం బిడ్డ మాలావత్ పూర్ణ అక్కడ ఎక్కుడు నేర్చుకొని 2014 మే 25న, 13 ఏండ్లకే ఎవరెస్టు ఎక్కింది. అదీ ఎండకాలమే.

అందుకే మేం అడిగేది ఒక్కటే: మే నెలల గుట్ట దగ్గర ఒక్క హాస్టల్ తెరిచి ఉంచుండ్రి. పిల్లలకు అన్నం, విప్పి బిగించెటందుకు నాలుగు పాత మోటర్లు ఇయ్యుండ్రి. నేర్పెటందుకు డిగ్రీ చదివే మేమున్నం.