జంట బ్యాటరీల పూర్వకథ

అమెరికా దేశమున డీజిలు పికప్పు ట్రక్కు బానెట్టు నెత్తి చూచువారికి, ఇంజనుకు ఇరుప్రక్కల తరచుగా రెండు బ్యాటరీలు కనబడును. పెట్రోలు బండికి ఒక్కటి చాలుచుండగా దీనికి రెండేల యని క్రొత్తగా కొన్నవాడు విస్మయపడును. పాతవి చెడి క్రొత్తవి వేయవలసివచ్చిన దినమున ఆ విస్మయమే ఖర్చుగా పరిణమించును. విచిత్రమేమనగా, నేడు ఇంతటి విద్యుత్తును మ్రింగుచున్న ఈ యంత్రము, పుట్టిననాడు విద్యుత్తుతో బొత్తిగా పనిలేనిదని పేరు గడించినది.

రుడాల్ఫ్ డీజిల్ 1893లో పేటెంటు పొంది, 1897 ఫిబ్రవరిలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ కర్మాగారమున పండితుల యెదుట పరీక్షకు నిలిపిన యంత్రమునకు నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. సిలిండరులో గాలి నణచగా బుట్టిన వేడిమియే ఇంధనమును రగుల్చును. పెట్రోలు ఇంజను గాలిని ఎనిమిదింట నొకవంతుకో, పదింట నొకవంతుకో కుదించి ఊరకుండగా, ఇది పదునారింటికి, ఒక్కొక్కయెడ ఇరువదిరెండింటికి నొకవంతుగ కుదించును. ఒకసారి రగిలినదా, ఇక నెవ్వరి సాయమును అక్కరలేదు. కాని ఆ తొలి కుదింపు చేయునదెవరు? పెట్రోలు కారునకు ముందు నిలిచి హ్యాండిలు త్రిప్పినట్లు దీనిని త్రిప్పుట నరమాత్రుని వశము కాదు. కర్మాగారములలోని పెద్ద డీజిళ్లను సంపీడితవాయువుతో కదలించిరి. 1931లో వెలువడిన క్యాటర్‌పిల్లర్ వారి డీజిలు ట్రాక్టరుపై రెండు సిలిండర్ల పెట్రోలు ఇంజనొకటి ప్రత్యేకముగ నమర్చి, ముందు దానిని చేతితో త్రిప్పి, అది వేడెక్కిన పిమ్మట దానిచేత పెద్దదానిని త్రిప్పించిరి: కుంభకర్ణుని లేపుటకు ముందొక బాలకుని లేపినట్లు!

ఈ కష్టమును దీర్చిన వస్తువగు బ్యాటరీ, రుడాల్ఫ్ డీజిల్ జన్మించిన మరుసటి యేడే యూరపు ఖండమున సిద్ధమైయుండెను. ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే 1859లో రెండు సీసపు రేకులను నడుమ పట్టీలుంచి చుట్టగా చుట్టి, గంధకామ్లము కలిపిన నీటిలో ముంచి, విద్యుత్తును ఒక దిక్కునకును, మరల ప్రతిదిక్కునకును పలుమారులు ప్రవహింపజేసి, ఆ సంస్కారముచే రేకుల పైపొర విద్యుత్తును నిలువచేసి తిరిగి యిచ్చు గుణము నలవరచుకొనునని కనుగొనెను. ఆ సంస్కారమునకు నెలలు పట్టెడిది. కమీల్ ఫోర్ అను మరొక ఫ్రెంచివాడు 1881 ప్రాంతమున సీససింధూరపు ముద్దను రేకులకు మెత్తి ఆ నిరీక్షణము నంతయు తప్పించెను. అదే కాలమున సెల్లన్ అను ఆంగ్లేయుడు సీసమున ఆంటిమొని చేర్చి, ముద్దను పట్టియుంచు జాలిపలకకు గట్టిదనము దెచ్చెను. నేటికిని బ్యాటరీని కోసి చూచినచో కనబడునది ముఖ్యముగ ఈ ముద్దయు, ఈ జాలియే.

పాతకాలపు బ్యాటరీ వేరొక వస్తువు. ఎబొనైటు పెట్టె, పైన తారుపూత, ఆ తారులోనుండి లేచిన సీసపు పట్టీలు. లోపల ప్లేటునకు ప్లేటు తగులకుండ నిలిపినది అమెరికాలో చాలకాలము ఆరెగాన్ తీరపు దేవదారు జాతి కొయ్యబద్ద. ఆరు మూతలును విప్పి, గాజుగొట్టపు హైడ్రోమీటరుతో యాసిడును పీల్చి, లోపలి తేలిక గాజుబొమ్మ 1.265 దగ్గర తేలియాడుచున్నదా, 1.150 వరకు మునిగినదా యని కన్నులకు సమముగ నెత్తి చూచి, 'నాలుగో సెల్లు పోయింది' అని తీర్పు చెప్పు ఎలక్ట్రీషియనును మనవైపు లారీ షెడ్లలో పలువురు చూచియే యుందురు. 'గ్రావిటీ చూచుట' యను ఆ పనిని సీలు వేసిన బ్యాటరీలు తరిమివేసినవి. సౌకర్యము పెరిగినదనుట నిజమే. రోగిని పరీక్షించు మార్గమొకటి మూతపడినదనుటయు నిజమే.

మోటారు బండ్లకు బ్యాటరీని బలముగ ముడివేసినవాడు చార్లెస్ కెటరింగ్. ఒహాయో రాష్ట్రమున డేటన్ పట్టణములో నగదు లెక్కించు యంత్రములకు చిన్న మోటారు నమర్చిన అనుభవముతో, క్షణకాలము మాత్రమే పనిచేయవలసిన మోటారుపై దాని శక్తికి మించిన భారము మోపినను కాలిపోదను సూక్ష్మమును ఆతడు గ్రహించెను. ఆ సూక్ష్మముతోనే 1912 నాటి క్యాడిలాక్ కారునకు ఇంజనును త్రిప్పు సెల్ఫ్ మోటారు వచ్చినది. హ్యాండిలు తిరుగబడి చేయి విరుగగొట్టు బాధ నాటితో సడలినది. మనవారు నేటికిని 'సెల్ఫ్' అని పిలుచుచున్నది దీనినే.

డీజిలునకు ఈ సెల్ఫ్ సమకూరుటతో పూర్వపు స్వాతంత్ర్యము పోయినది. 1936లో బెర్లిన్ ప్రదర్శనమున కనబడిన మెర్సిడెస్ 260 డి కారు మొదలుకొని డీజిలు కార్లకు పెద్ద బ్యాటరీ తప్పనిదైనది. లారీలవారు, బస్సులవారు రెండు పన్నెండు వోల్టుల బ్యాటరీలను ఒకదాని వెంట నొకటి కలిపి ఇరువదినాలుగు వోల్టులు తీసిరి. మనదేశపు పెద్ద బండ్లలోను ఇదే పద్ధతి. పికప్పుల త్రోవ వేరు. 1973, 1979 చమురు సంక్షోభముల నడుమ జనరల్ మోటార్సు 1978లో తన పికప్పున డీజిలు పెట్టెను. 1983 బండ్లలో ఫోర్డు, 1989లో కమిన్స్ ఇంజనుతో డాడ్జి ఆ దారి పట్టినవి. పెట్రోలు బండికై గీసిన చట్రమునే కొద్దిగ మార్చి డీజిలు నిమిడ్చిరి గనుక దీపము, హారను మొదలుగా సమస్తమును పన్నెండు వోల్టులవే. వోల్టేజి పెంచుట కుదరక, రెండు బ్యాటరీలను ప్రక్కప్రక్కన కలిపి ఆంపియర్లు పెంచు ఉపాయమే తరచు శరణ్యమైనది. ఎనిమిది సిలిండర్ల ఇంజనులో, చల్లని సిలిండర్లను ముందుగ వేడిచేయు గ్లో ప్లగ్గులు కాగుటకే నూరు ఆంపియర్లకు మించి కావలెను; సెల్ఫ్ అడుగునది దానికి ఎన్నో రెట్లు.

మంచు కురియు ప్రాంతములలో ఈ జంట విలువ తెలియును. చలికి ఆయిలు చిక్కబడి ఇంజను బిగిసిపోవు ఆ వేళనే యాసిడు మందగించి బ్యాటరీ శక్తి సగమునకు దిగజారును. అందుచేతనే అమెరికాలో అమ్ముడగు బ్యాటరీపై పెద్ద అక్షరములలో ముద్రింపబడునది మనము వాడు ఆంపియర్-గంటల లెక్క కాదు. సున్న ఫారెన్‌హీటు, అనగా మైనస్ 18 సెంటిగ్రేడు చలిలో, ముప్పది సెకండ్లపాటు 7.2 వోల్టులకు దిగకుండ ఎన్ని ఆంపియర్లు ఇయ్యగలదో తెలుపు అంకె. డీజిలు పికప్పు బ్యాటరీలకు ఒక్కొక్కదాని కిది 700 మొదలు 850 వరకు ఉండుట పరిపాటి.

బ్యాటరీపై ముద్రించిన పేరు వేరు, దానిని పోతపోసిన కర్మాగారము వేరు అగుట ఈ వ్యాపారమున చిరకాలపు రివాజు. సియర్స్ దుకాణములవారు 1967లో డైహార్డ్ పేర అమ్మకమునకు పెట్టిన, పలుచని పాలీప్రొపిలీను పెట్టెగల ప్రసిద్ధ బ్యాటరీని చేసినది మిల్వాకీ నగరపు గ్లోబ్-యూనియన్. ఆ సంస్థ 1978లో జాన్సన్ కంట్రోల్సు చేతికి చిక్కెను. ఆ జాన్సన్ కంట్రోల్సే 1997లో తిరుపతి చెంత కరకంబాడిలోని అమరరాజా సంస్థతో పొత్తు గలిపి రెండు దశాబ్దములకు పైగా భాగస్వామిగా నుండెను; అమరాన్ పేరుతో బండ్ల బ్యాటరీలు వెలువడినది ఆ పొత్తు కాలముననే.

మరియొక వింత గలదు. 1970ల దశకమున డెన్వరు నగరపు గేట్స్ రబ్బరు కంపెనీవారు యాసిడును గాజునూలు చాపలో పీల్పించి, సీసపు రేకులను చుట్టగా చుట్టి, ఒలకని ఘటమును నిర్మించిరి. పికప్పు యజమానులు నేడు అధిక మూల్యమిచ్చి కొను చుట్ట బ్యాటరీలు ఆ సంతతివే. ప్లాంటే వదలిన ఆకృతి నూరేండ్లు దాటి మరల బజారునకు వచ్చినది. కుదుపులను చక్కగ నోర్చునని వీనికి పేరు; పొలము దారుల బండికి అవి తగును, నున్నని రోడ్డుపై నడచు బండికి ఆ ఖర్చు దండుగ యని నా యభిప్రాయము.

ఇక కొనువారి విషయము. జతలో చెడినదొక్కటే గదా యని దానిని మాత్రమే మార్చుట పొదుపుగ దోచును. కాని ప్రక్కప్రక్కన కలిసియున్న రెంటిలో ముసలిది రాత్రియెల్ల క్రొత్తదాని శక్తిని పీల్చుచుండును; ఉదయమున సెల్ఫ్ భారము క్రొత్తదానిపైననే పడును; ఛార్జింగు ముసలిదాని యాకలికి వెచ్చమై క్రొత్తది అరకడుపున మిగులును. ఏడాది తిరుగునప్పటికి రెండును సమముగ ముసలివగును. కావున రెంటిని ఒకేనాడు, ఒకే కొలతలో, ఒకే జాతివి కొనవలెను. అనేక కంపెనీలు పెట్టెపై నెలను అక్షరముతోను, ఏడును అంకెతోను ముద్రించును గనుక, దుకాణమున చిరకాలము నిద్రించిన సరకు కాకుండ చూచుకొనవచ్చును. ఎత్తు మాత్రము మరువరాదు: ఎత్తైన బ్యాటరీ పాజిటివ్ టెర్మినలు బానెట్టునకు తగిలినచో మంట లేచును. పాత జతను ఇంటిలో నుంచుకొనక దుకాణమునకే అప్పగించి ధరలో తగ్గింపు పొందుడు. అందలి సీసము కరగి తిరిగి ప్లేట్లగును.