కారు బ్యాటరీ మాటిమాటికీ దిగిపోవడానికి కారణాలు

సరిహద్దు జిల్లాల నుండి వెళ్లి బెంగళూరులో స్థిరపడినవారిలో పలువురు కారును ఆదివారం మాత్రమే బయటకు తీస్తారు. తీరా తాళం తిప్పితే టకటక శబ్దమే తప్ప ఇంజన్ కదలదు. వెంటనే జె.సి. రోడ్డుకు వెళ్లి కొత్త బ్యాటరీ కొనడం పరిపాటి. దోషం వేరొకచోట ఉన్నట్లయితే కొత్తది కూడా దిగిపోతుంది. వేల రూపాయలు వృథా అవుతాయి. కనుక కొనుగోలుకు ముందు మూడు పరీక్షలు అవసరం.

మొదటిది బ్యాటరీ పరీక్ష. కారు ఆపిన కొన్ని గంటల తరువాత మల్టీమీటర్‌తో కొలిచినప్పుడు 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్లు, 12.2 ఉంటే సుమారు సగమే ఉన్నట్లు. నిండుగా చార్జి చేసినా ఒక్కరాత్రిలో పడిపోతే, బ్యాటరీని విడిగా ఉంచి మళ్లీ చూడాలి. అప్పుడూ పడిపోతే లోపం దానిదే.

రెండవది ఆల్టర్నేటర్ పరీక్ష. ఇంజన్ నడుస్తుండగా సాధారణంగా 13.8 నుండి 14.5 వోల్టులు రావాలి. రానియెడల బెల్టును, టెర్మినళ్లపై పేరుకున్న తెల్లని పొరను కూడా పరిశీలించాలి.

మూడవది ఆపిన కారులో విద్యుత్ వ్యయం. గడియారం, అలారం వంటివాటికి 50 మిల్లీఆంపియర్ల వరకు ఖర్చు కావడం సహజం. ఆరని డిక్కీ దీపం, డ్యాష్‌క్యామ్, తరువాత బిగించిన స్టీరియో కలిసి 200 మిల్లీఆంపియర్లు లాగితే వారానికి 33.6 ఆంపియర్ అవర్లు పోతాయి. చిన్న కారులోని 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ దాదాపు ఖాళీ అయినట్లే. కారుకు తాళం వేసి అరగంట ఆగి, నెగెటివ్ తీగ మార్గంలో మీటరు కలిపి, ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయాలి. ఏది తీసినప్పుడు అంకె తగ్గుతుందో దోషం ఆ మార్గంలో ఉన్నట్లు. మీటరు కలిపి ఉండగా ఇంజన్ స్టార్ట్ చేయరాదు. ఈ పరీక్షను ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించడం క్షేమం.

మూడింటిలోనూ లోపం కనబడకపోతే వాడుక తీరే కారణం కావచ్చు. సిల్క్‌బోర్డు కూడలి వంటి చోట్ల ఏసీ, దీపాలు వేసుకుని నిలిచిన కారులో ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, చార్జింగు అంతంతమాత్రమే. పది నిమిషాల ప్రయాణం సెల్ఫ్ వాడిన శక్తిని కూడా పూరించకపోవచ్చు. వారానికొకసారి అరగంటకు పైగా దారి ఖాళీగా ఉన్న వేళ నడపడం, లేదా చార్జరుతో నింపడం దీనికి మందు.

చార్జింగు సమయంలో వెలువడే హైడ్రోజన్‌కు నిప్పు తగిలితే పేలుతుంది. లోపలి ఆమ్లం కళ్లకు ప్రమాదకరం. నిజంగానే మార్చవలసి వస్తే పాతదాన్ని చెత్తలో వేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు దీనికి వర్తిస్తాయి. కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చివేస్తే అందులోని సీసం తిరిగి వినియోగానికి వస్తుంది.