వెదురు – కాగితము

బస్తరు పడమటి కొసన, భోపాల్‌పట్నమునకు చేరువ, ఇంద్రావతి గోదావరిలో కలియును. తెలుగు వినవచ్చు ఆ సీమ వెదురుకు నెలవు. గోదావరి పరీవాహక ప్రదేశమున 1942లో ఉత్పత్తి ఆరంభించిన సిర్పూరు కాగితపు మిల్లు వెదురునే నమ్ముకొని పెరిగెను.

వెదురుకు బిగువునిచ్చు సెల్యులోజును 1838లో ఫ్రెంచి రసాయనవేత్త పాయెన్ గుర్తించెను. 1983లో అమెరికా పరిశోధకులు, పాలలో మీగడ విడకుండ చేయు యంత్రముతో గుజ్జును ఒత్తి, నారను అతిసూక్ష్మ తంతువులుగా చీల్చిన విధమును ప్రకటించిరి. అట్టి తంతువులకు నేడు నానోసెల్యులోజని పేరు. గుజ్జులో కొద్దిగా కలిపిన నారల నడుమ పట్టు పెరుగును; పూతగా పూసిన నూనె, గాలి సులభముగ చొరవు. తక్కువ గుజ్జుతో గట్టి కాగితము సాధ్యము.

కాని చీల్చుటకు విద్యుచ్ఛక్తి విస్తారముగ వలయును. అడవిలో మిగులు వెదురును, యంత్రము మ్రింగు శక్తిని తూచి చూచిననే గ్రంథమునకైన నిజమగు వెల తెలియును.